డోలకములోని రొద

రేడియో ముల్లును త్రిప్పుచు దూరపు కేంద్రమును వెదకునప్పుడు శ్రోతలందరికిని ఎదురగు అనుభవ మొకటి కలదు. దగ్గరలోని బలమైన కేంద్ర మొకటి గంభీరముగా పలుకుచుండును. దాని ప్రక్కనే, ఎచ్చటనో వందల మైళ్ల దూరమున నున్న మరియొక కేంద్రము సన్నగా వినవచ్చును. ముల్లును సరిగా ఆ సన్నని గొంతుపైననే నిలిపినను, మాటల అడుగున ఒక బుస తొలగక నిలిచి యుండును. ఆ బుసలో చాల భాగము ఆకాశమునుండి వచ్చినది. మెరుపులు, విద్యుత్తీగలు, వీధిలోని మోటార్లు దానికి కారణములు. కొంత మాత్రము మన పెట్టెలోననే పుట్టినది. బయటి రొదను గూర్చి అందరును చెప్పుకొందురు. లోపలి రొదను గూర్చి చెప్పుకొనువారు తక్కువ. ఈ లోపలి రొద యెట్లు పుట్టునో, దానిని ముందుగానే లెక్కకట్టుటకు ఇంజనీర్లు ఎట్టి ఉపాయములు పన్నిరో, ఆ లెక్కలో ఎచ్చట మోసపోవుటకు వీలున్నదో నేటి ప్రసంగమున మనవి చేయదలచినాము.

ఇండ్లలోని రేడియోలు పెక్కు దశాబ్దములుగా సూపర్ హెటెరొడైన్ అను పద్ధతిపై నడచుచున్నవి. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో రూపొందించిన పద్ధతి యిది. దీనిలో పెట్టె లోపల ఒక చిన్న డోలకము ఉండును. డోలకమనగా ఆసిలేటరు, అనగా తనంత తాను ఊగుచుండు విద్యుద్వలయము. హైదరాబాదు కేంద్రమునకు పేరుపడిన 738 కిలోహెర్ట్జ్‌ల ప్రసారమును వినగోరి మీట త్రిప్పినచో, లోపలి డోలకము 1193 కిలోహెర్ట్జ్‌ల వద్ద ఊగును. రెండింటిని కలిపినప్పుడు వాని భేదమైన 455 కిలోహెర్ట్జ్‌ల కంపనము వెలువడును. ఏ కేంద్రమును పట్టినను భేదము 455 అగునట్లు డోలకము మారుచుండును. అటుపై వడపోత యంతయు ఆ ఒక్క పౌనఃపున్యము వద్దనే జరుగును. కావున డోలకము శుద్ధముగా ఊగనిచో ఆ తరువాతి అంగము లెంత మేలైనవైనను ఫలము తగ్గును.

శుద్ధముగా ఊగుట యన నేమి? తంబురా తీగను తలచుకొందము. శ్రుతి కలిపిన తీగ ఒకే స్వరమును పలుకవలెను. తీగ అణుమాత్రము వణకుచున్నచో ఆ స్వరమునకు ఇరుప్రక్కల సన్నని ఛాయలు చేరును. విద్యుడ్డోలకము సంగతియు నంతియే. 1193 వద్దనే నిలువవలసిన శక్తిలో అత్యల్పభాగము ప్రక్కలకు జారి, 1202 వద్ద కూడ ఛాయగా నిలిచినదనుకొందము. అప్పుడు 747 కిలోహెర్ట్జ్‌ల వద్ద పలుకుచున్న బలమైన పొరుగు కేంద్రము ఆ ఛాయతో కలిసి అదే 455 భేదమును పుట్టించును. మనము పిలువని అతిథి మన వడపోతను దాటి యింటిలోనికి వచ్చును. మధ్యతరంగ కేంద్రముల నడుమ 9 కిలోహెర్ట్జ్‌ల ఎడముండవలెనను ఏర్పాటు మన ప్రాంతమున 1978 నవంబరులో అమలునకు వచ్చినది. ఆ 9 కిలోహెర్ట్జ్‌ల సందులో డోలకపు ఛాయ యెంత యున్నదో అంత మేర పొరుగువాని బలము మన దూరపు కేంద్రముపై బుసగా పడును.

ఈ ఛాయకే ఫేజ్ నాయిజ్ అని పేరు. దశ యందలి రొద అని మనము చెప్పుకొనవచ్చును. దశ యనగా ఊగుట యందు ఏ క్షణమున ఏ చోట నున్నామో తెలుపు లెక్క. ఇంజనీర్లు దీనిని కొలుచు రీతి యిది: అసలు స్వరమునకు కొంత దూరమున 1 హెర్ట్జ్ వెడల్పుగల సన్నని సందును తీసికొని, అందులోని శక్తి అసలు శక్తిలో ఎన్నవ వంతో చూతురు. ఆ భాగము వేయి కోట్లలో ఒక వంతైనచో 100 డెసిబెల్‌లు తక్కువ యందురు. వినుటకు ఇది లెక్కింపదగనిదిగా తోచును. కాని పొరుగు కేంద్రపు బలము మనము కోరిన కేంద్రపు బలము కంటె లక్షల రెట్లుండుట రేడియో లోకమున వింత గాదు.

ఈ రొద యెచ్చటినుండి వచ్చుచున్నది? వేడిమినుండి వచ్చుచున్నది. ఏ లోహపు తీగయందైనను, ఏ నిరోధకము నందైనను ఎలక్ట్రానులు వేడిమి చేత నిరంతరము అల్లల్లాడుచుండును. జాన్సను ఈ అలజడిని కొలిచి, నైక్విస్టు దానికి సూత్రము కట్టి 1928లో ప్రకటించిరి. అంతకు పదియేండ్ల ముందే, 1918లో, షాట్కీ మరియొక రొదను చూపెను; విద్యుత్తు నీటిధారవలె గాక చినుకులవలె కణములుగా ప్రవహించుట చేత పుట్టు రొద యది. ఇవి గాక, తక్కువ పౌనఃపున్యముల వద్ద పెచ్చు పెరుగు మినుకు రొద యొకటి కలదు. మొదటి రెండును ప్రకృతి నియమములు. వానిని తగ్గింపవచ్చును గాని తుడిచివేయ వీలు లేదు.

రొద తప్పనిదైనచో అది చేయు హాని యెట్టిదని విచారింపవలెను. దీనికి ఉయ్యాల మంచి సాక్ష్యము. ఉయ్యాల క్రిందికి వచ్చి వేగముగా సాగుచున్న క్షణమున వెనుకనుండి చిన్న త్రోపు త్రోసితిమనుకొందము. ఉయ్యాల మునుపటి కంటె కొంచెము ఎత్తు పోవును. కాని తిరిగి వచ్చు వేళ దాదాపు మారదు. అదే త్రోపును ఉయ్యాల చిట్టచివరకు పోయి ఒక్క క్షణము ఆగిన చోట ఇచ్చినచో ఎత్తు మారదు, వేళ మారును. త్రోపు బల మొక్కటియే. అది తగిలిన క్షణమును బట్టి ఒకచోట ఎత్తును, ఒకచోట వేళను చెరచినది.

ఈ రెండు హానులును సమానములు కావు. డోలకమునకు ఎత్తు విషయమున స్వయముగా సర్దుకొను గుణము కలదు. ఎత్తు పెరిగినచో దాని పోషణ తగ్గును, తగ్గినచో పెరుగును. కొన్ని ఊగుల లోపల పూర్వస్థితి వచ్చును. వేళ విషయమున అట్టి గుణము లేదు. వెనుకబడిన డోలకమునకు తాను వెనుకబడితినని తెలుపువారు లేరు. అది ఆ క్రొత్త వేళనే తన వేళగా భావించి సాగిపోవును. తరువాతి త్రోపు దానిపైకి వచ్చి చేరును. గ్రుడ్డిగా ఇటొక అడుగు, అటొక అడుగు వేయువాడు నూరు అడుగులకు సగటున పది అడుగులంత, పదివేల అడుగులకు నూరు అడుగులంత దారి తప్పును. డోలకపు కాలమును ఇట్లే దారి తప్పుచుండును. ఎత్తులోని తప్పు మాసిపోవును, వేళలోని తప్పు ప్రోగుపడును. ఈ విద్య కంతటికిని మూలసూత్ర మిదియే.

1966లో లీసన్ అను అమెరికా ఇంజనీరు ఈ విషయమును చిన్న సూత్రముగా వ్రాసి ప్రకటించెను. అసలు స్వరమునుండి పదిరెట్లు దూరము పోయినచో రొద నూరవ వంతునకు దిగును. డోలకపు నాణ్యత రెట్టింపైనచో రొద నాలుగవ వంతగును. నాణ్యత యన, పోషణ మానిన తరువాత ఎంతసేపు ఊగుచుండునో తెలుపు సంఖ్య. వాల్టర్ కేడీ 1921లో డోలకమునందు అమర్చి చూపిన క్వార్ట్జ్ స్ఫటికమునకు ఈ సంఖ్య పదివేలు, లక్షలుగా నుండును. సిలికాను చిప్పుపై గీసిన చిన్న తీగచుట్టకు పదికి అటునిటుగా మాత్రమే యుండును. సూక్ష్మ వలయములను నిర్మించువారి చిక్కు ఈ రెండు సంఖ్యల నడుమ నున్నది.

పూర్వము వలయమును బల్లపై కట్టి, కొలిచి, భాగములు మార్చి సరిచేసెడివారు. చిప్పునందు అట్లు వీలు గాదు. ఒకమారు అచ్చు పడిన తరువాత టంకము వేసి సవరించుటకు చోటు లేదు. క్రొత్త అచ్చునకు నెలలు పట్టును, ధనము అపారముగా వ్యయమగును. కావున వలయమును ముందు గణనయంత్రమునందు ఊగించి చూతురు. దీనినే సిమ్యులేషన్, అనగా అనుకరణము అందురు. కాలిఫోర్నియా రాష్ట్రమున బర్కిలీ విశ్వవిద్యాలయమునుండి 1973లో వెలువడిన స్పైస్ అను కార్యక్రమము ఈ మార్గమునకు రాజబాట వేసినది. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో ఈ వృత్తియందున్న తెలుగువారు అనేకులు. ఈ లెక్కలు మనవారు దినదినమును చేయు లెక్కలు.

డోలకమును గణనయంత్రమున నుంచినప్పుడు మొట్టమొదట ఒక వింత యెదురగును. అది ఊగదు. వలయము సరిగా వ్రాసినను, విద్యుత్తు ఇచ్చినను, నిశ్చలముగా నిలిచిపోవును. కారణము, గణనయంత్రములోని లోకమున రొద లేదు. నిటారుగా నిలిపిన సూదివలె అది ఏ వైపునకును ఒరుగదు. నిజమైన డోలకమును మేలుకొలుపునది అణువుల అల్లకల్లోలమే. దానిని కదిలించి, ఊపు నందించి, తరువాత జీవితాంతము దాని వేళను చెరచుచుండునదియు ఆ అల్లకల్లోలమే. అనుకరణమున ఇంజనీరు తన చేతితో తొలి త్రోపు ఇయ్యవలెను.

రెండవ చిక్కు రొదను లెక్కించుట యందున్నది. స్పైస్ వంటి కార్యక్రమములలో రొదను లెక్కించు సాధారణ పద్ధతి, వలయము ఒకే స్థితిలో నిలిచియున్నదని భావించి లెక్క సాగించును. ఆంప్లిఫయరునకు ఇది చాలును. డోలకము నిలుచునది గాదు; ఒక్కొక్క క్షణము దాని స్థితి వేరు. నిలిచియున్న ఉయ్యాలను త్రోసి చూచి, ఊగుచున్న ఉయ్యాల వేళను గూర్చి తీర్పు చెప్పుట యుక్తము గాదు. అట్లని రొదను కూడ చేర్చి, క్షణక్షణము నడిపించి చూతమనినచో లెక్క కొండంత యగును. సెకనునకు 100 కోట్ల మారులు ఊగు డోలకమున, అసలు స్వరమునకు 1 కిలోహెర్ట్జ్ దూరములోని రొదను చూడవలెనన్నచో, కనీసము 10 లక్షల ఊగులు నడిపింపవలెను. ఊగునకు 100 మెట్లు చొప్పున 10 కోట్ల మెట్లు. ప్రతి మెట్టునను లెక్కించు పద్ధతి తనదైన చిన్న తప్పును చేర్చును. ఆ తప్పును వేళయందే ప్రోగుపడును. తుదకు మనము చూచునది వలయపు రొదయో, లెక్క రొదయో తెలియకుండ పోవును.

ఈ చిక్కునుండి బయటపడుటకు కనిపెట్టిన ఉపాయము సొగసైనది. డోలకము ప్రతి ఊగునను అదే దారిని తొక్కుచున్నది గదా. కావున ముందుగా ఆ ఒక్క చుట్టును, మొదలు తుది కలియునట్లు, మిక్కిలి కచ్చితముగా సాధింతురు. తరువాత ఆ చుట్టుపై ప్రతి క్షణమున ఒక చిన్న త్రోపు తగిలినచో వేళ ఎంత జరుగునో లెక్కింతురు. ఏ క్షణమున డోలకము సుకుమారమో, ఏ క్షణమున మొండిదో ఈ లెక్క తేటపరచును. హజిమిరి, లీ అను విద్వాంసులు 1998లో ఈ దృష్టిని సిద్ధాంతముగా వివరించిరి. ఊగు ఎక్కు రూపమును, దిగు రూపమును సమానముగా తీర్చినచో, తక్కువ పౌనఃపున్యములలోని మినుకు రొద అసలు స్వరము చెంతకు ఎక్కి వచ్చుట తగ్గునని వారు చూపిరి. డెమిర్, మెహ్రోత్రా, రాయ్‌చౌధురి అను మువ్వురు 2000లో ప్రకటించిన సిద్ధాంతము మరియొక లోపమును తీర్చినది. పాత సూత్రము ప్రకారము అసలు స్వరమునకు చేరువైన కొలది రొద అనంతముగా పెరుగవలెను, అది అసంభవము. స్వరపు మొత్తము శక్తి మారక, దాని గీత మాత్రము కొంచెము వెడల్పగునని వీరు నిరూపించిరి.

ఇక రెండవ పరికరము, పౌనఃపున్య విభాజకము. పేరు క్రొత్తగా తోచినను ఇది చేతి గడియారములలో ఉన్నదే. క్వార్ట్జ్ గడియారములోని స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. దానిని 15 పర్యాయములు సగము చేసినచో సెకనునకు ఒక్కటి వచ్చును. ముల్లు ఒక్క అడుగు వేయును. నేటి రేడియోలలో, సెల్ ఫోనులలో ఇట్టి విభాజకము డోలకపు వేగమును తగ్గించి, స్ఫటికపు వేగముతో పోల్చి సరిచూచు వలయమున కాపలాదారుగా పనిచేయుచున్నది.

విభాజకము రొదను తగ్గించును. దీనికి బస్సుల ఉదాహరణము చాలును. పది నిమిషముల కొకటి వచ్చు బస్సు ఒక నిమిషము ఆలస్యమైనచో అది వ్యవధిలో పదవ వంతు. ఆ బస్సులలో ప్రతి పదవ దానినే లెక్కించువానికి ఆలస్యము అదే నిమిషము. వ్యవధి మాత్రము నూరు నిమిషములు. కనుక తప్పు నూరవ వంతు. విభాజకమును వేళలోని తప్పును అట్లే ఉంచి, వ్యవధిని పెంచును. సగము చేసిన ప్రతిసారి రొద 6 డెసిబెల్‌లు, పదవ వంతు చేసినచో 20 డెసిబెల్‌లు తగ్గును. కాని ఈ లాభమునకు హద్దు కలదు. విభాజకములోని ట్రాన్సిస్టరులకును తమదైన రొద యున్నది. వచ్చిన స్వరము శుద్ధమగు కొలది కాపలాదారుని సొంత రొదయే పైకి తేలును.

విభాజకపు రొదను లెక్కించుటలో ఉయ్యాల పాఠమే మరియొక రూపమున ఎదురగును. విభాజకము పై అంతస్తున గాని, క్రింది అంతస్తున గాని నిలిచియుండు కాలము ఎక్కువ. అంతస్తు మారు కాలము మిక్కిలి తక్కువ. నిలిచియున్నప్పటి రొదను తరువాతి మెట్టు పట్టించుకొనదు. మారు క్షణమున తగిలిన రొద మాత్రమే వేళను జరుపును. ఆ క్షణమున రొద 1 మిల్లీవోల్టు, ఎక్కు వాలు నానోసెకనుకు 1 వోల్టు అయినచో, వేళ 1 పికోసెకను తప్పును. వాలు సగమైనచో తప్పు రెట్టింపగును. దీనిని తెలియని లెక్కరి చుట్టు మొత్తము మీది సగటు రొదను తీసికొనును. యంత్రము ఒక అంకెను చూపును. అంకె చక్కగనే యుండును. అది అడిగిన ప్రశ్నకు సమాధానము మాత్రము గాదు. ఎంత రొద యని అడుగుటకు ముందు, ఏ క్షణమున అని అడుగవలెను.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. విభాజకపు చుట్టు లోనికి వచ్చు స్వరపు చుట్టు గాదు, వెలుపలికి పోవు స్వరపు చుట్టు. ఎనిమిదవ వంతు చేయు విభాజకమునకు వచ్చిన స్వరము ఎనిమిది మారులు ఊగిన తరువాతనే ఒక చుట్టు పూర్తియగును. ఒకే ఊగును చుట్టుగా చెప్పినచో మొదలు తుది కలియక లెక్క తెగదు. మెట్లు అనేకము వరుసగా నున్నచో ప్రతి మెట్టు తన తప్పును చేర్చుచు పోవును. దానికి విరుగుడుగా చివర నొక ఫ్లిప్‌ఫ్లాపు నుంచి, మూలస్వరపు అంచుతోనే ఫలితమును వెలువరింతురు. అప్పుడు నడిమి మెట్ల తప్పులన్నియు తొలగి, ఆ చివరి ద్వారపు తప్పు ఒక్కటియే మిగులును. లెక్కను నమ్మవచ్చునా యని చూచుటకు సులువైన పరీక్షలు కలవు. సొంత రొద లేని విభాజకమును వ్రాసి, రొదగల స్వరము నిచ్చి చూడవలెను. సగమునకు సరిగా 6 డెసిబెల్‌లు తగ్గనిచో లెక్కలో దోషమున్నది. మెట్లను మరింత సన్నము చేసి చూడవలెను. జవాబు కదలినచో అది వలయపు జవాబు గాదు.

ఇంత సూక్ష్మమునకు పోవుట ఎవరి మేలు కొరకని అడుగవచ్చును. మచిలీపట్నమునను విశాఖపట్నమునను వాతావరణ శాఖవారు డాప్లర్ రాడారులను నెలకొల్పిరి. దాదాపు 10 సెంటీమీటర్ల తరంగమును పంపి, తుపాను మేఘములలోని వానచినుకులనుండి తిరిగివచ్చు ప్రతిధ్వని దశను అవి చూచును. సెకనునకు 10 మీటర్ల వేగమున రాడారు వైపు వచ్చుచున్న చినుకు ఒక మిల్లీసెకనులో 1 సెంటీమీటరు జరుగును. రాకపోకలకు దారి 2 సెంటీమీటర్లు మారును. అనగా తరంగములో అయిదవ వంతు, 72 డిగ్రీల దశ. గాలి వేగమంతయు ఆ దశలోనే వ్రాసియున్నది. రాడారులోని డోలకము తన దశను తానే చెరచుకొన్నచో, గాలి మాట ఏది, డోలకపు మాట ఏది యని విడదీయుట కష్టము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన తీరమునకు గాలి వేగము కేవలము ఒక అంకె గాదని వేరుగ చెప్పనక్కర లేదు.

వేడిమి యున్నంతవరకు రొద యుండును. దానిని తుడిచివేసెదమని ఏ ఇంజనీరును చెప్పడు. ఏ క్షణమున అది హాని చేయునో తెలిసికొని, ఆ క్షణములను చిన్నవిగా చేసి, పోషణను హాని లేని వేళ అందించి, మిగిలిన దానిని నిజాయితీగా లెక్కకట్టుట అతని పని. గణనయంత్రము అడిగిన ప్రతివానికి జవాబు చెప్పును. ఆ జవాబు మంచిదగుట ప్రశ్న మంచిదగుటపై ఆధారపడి యున్నది. ఈ మాట విజ్ఞులైన శ్రోతలకు విన్నవించి ప్రసంగమును ముగించుచున్నాము.